పెర్ల్ వీధి పూటకూటి యిల్లు

ఇంగ్లీషువారు ట్యావర్న్ అనెడి దానికి మన భాషలో నొక్క మాట చాలదు. వెల గైకొని అన్నము పెట్టుచోటు మనకు పూటకూటి యిల్లు. ఓరుగంటి వీధులను వర్ణించిన క్రీడాభిరామమునందే ఒక రూకకు కడుపార భోజనము పెట్టిన పూటకూటి యింటి ప్రస్తావన కలదు. బాటసారికి వెల లేకయే తావిచ్చునది సత్రము. కల్లును సారాయమును అమ్మునది అంగడి. ఊరిపెద్దలు కూడి మంచిచెడ్డలు విచారించుకొనునది రచ్చబండ. ఈ నాలుగింటిని మనవారు నాలుగు చోట్ల నుంచిరి. పాశ్చాత్యులు నాలుగింటిని ఒక్క కప్పు క్రిందికి దెచ్చిరి. ట్యావర్నులో భోజనము దొరకును, మద్యము దొరకును, రాత్రికి పడక దొరకును. ఏ యోడ వచ్చినదో, ఏ యోడ పోయినదో అచ్చటనే తెలియును. సరకుల వేలములు అచ్చటనే జరుగును. మేడమీది పెద్దగదిలో నొకనాడు నాట్యము, మఱునాడు రాజకీయ సభ. నేనీ ప్రసంగమున దానిని పూటకూటి యిల్లనియే పిలిచెదను. మద్యమును గూర్చిన ప్రసంగమని పెద్దలెవరును జడియవలదు. నేను చెప్పబోవునది ఇంటి కథ.

ఆ యిల్లు అమెరికా దేశమున న్యూయార్కు నగరమందున్నది. మాన్‌హాటన్ అను ద్వీపము యొక్క దక్షిణపు కొనలో, పెర్ల్ వీధియు బ్రాడ్ వీధియు కలియు మూలమీద నిలిచియున్నది. పేరు ఫ్రాన్సిస్ ట్యావర్న్. పెర్ల్ అనగా ముత్యము. పూర్వమీ వీధియే నీటి యొడ్డు. ఒడ్డున ఆల్చిప్పలు గుట్టలుగా పడియుండుటచే ఆ పేరు కలిగినదందురు. నేడు నీరు అచ్చటికి చాల దూరమునకు జరిగిపోయినది. జరిగిపోవుట యననేల, జనులే మన్నును రాళ్ళును చెత్తయు పోసి దానిని వెనుకకు నెట్టిరి. ఆ యూరిని మొదట డచ్చివారు కట్టిరి. 1664లో ఇంగ్లీషువారు దానిని గైకొనిరి. 1671లో స్టెఫానస్ వాన్ కోర్ట్‌లాండ్ అను డచ్చి వంశీయుడు, తరువాత నగరాధ్యక్షుడైనవాడు, ఈ తావున ఇల్లు కట్టుకొనెను. 1700లో ఆ స్థలమును తన అల్లునికి ఇచ్చెను. ఆ యల్లుడు ఎటియన్ డిలాన్సీ. పదునాలుగవ లూయీ రాజు ప్రొటెస్టెంటు మతస్థులకు నిలువ నీడ లేకుండ జేసినపుడు ఫ్రాన్సు విడిచి వచ్చినవారిలో నొకడు. వర్తకముచే ధనము గడించి, 1719లో ఇప్పుడు మనము చెప్పుకొనుచున్న ఇంటిని గట్టించెను.

చూడుడు, డచ్చివాని నేల, ఫ్రెంచివాని ధనము, ఇంగ్లీషువాని ప్రభుత్వము. ఇటుకలు సైతము చిన్నవి, పసుపువన్నెవి, హాలండు నుండి సముద్రము దాటి వచ్చినవి. ఆ రాష్ట్రములోని గొప్ప యిండ్లలో నది యొకటిగా పేరుపొందెను. అంతకు ముందు డచ్చివారు కట్టిన యిండ్లకు వీధివైపు ముక్కోణపు గోడ యుండెడిది. దాని అంచులు మెట్లుమెట్లుగా పైకి పోయెడివి. ఇంగ్లీషువారి జార్జి రాజుల కాలమున వేఱొక పద్ధతి వచ్చినది. వాకిలి నడుమ, దాని కిరుప్రక్కల సమసంఖ్యగా కిటికీలు, కిటికీల మీద కిటికీలు, పైన నాలుగు దిక్కులకు వాలు గల కప్పు, కప్పు నెత్తిన కటకటాలు. నేడు ఆ మూలమీద మనకు కనిపించు రూపము ఈ రెండవ పద్ధతిది. డిలాన్సీ కట్టినదియు నిదియేనా యన్న ప్రశ్న కలదు. దానికి సమాధానము తరువాత వచ్చును.

డిలాన్సీ వారసులు కొంతకాలము దానిని వర్తకపు గిడ్డంగిగా వాడుకొనిరి. 1762లో శామ్యూల్ ఫ్రాన్సిస్ అనువానికి అమ్మివేసిరి. అతడు దానిని పూటకూటి యింటిగా మార్చి, వాకిట రాణి షార్లెట్ ముఖము వ్రాసిన పలకను వ్రేలాడదీసెను. అందుచే మొదట దానిపేరు ‘రాణి తల’. చదువురాని నావికుడు సైతము బొమ్మను జూచి ఇల్లు గుఱుతుపట్టవలెను గదా. స్థలమును ఎన్నుకొనుటలో ఫ్రాన్సిస్ తెలివి కనబడుచున్నది. ఓడరేవు దాపున నున్నది; రెండు వీధుల మూల గనుక రెండు వైపుల వెలుతురు వచ్చును; ధనికుని కొఱకు కట్టిన విశాలమైన గదులున్నవి. పైయంతస్తున నొక పొడుగాటి గది యుండెడిది. దానిని ‘లాంగ్ రూమ్’ అనెడివారు, అనగా నిడుపాటి గది. ఒక గృహస్థునకు అంతటి గది అతిశయము. పదిమంది కూడుచోటికి అది ప్రాణము.

ఈ ఫ్రాన్సిస్‌ను గూర్చి నిశ్చయముగా తెలిసినది స్వల్పము. వంటలో నేర్పరి. అతనికి ‘నల్ల శామ్’ అని యొక మాఱుపేరు కలదు. దానింబట్టి అతడు ఆఫ్రికా సంతతివాడని కొందఱు, 1790 జనాభా లెక్కలో అతనిని తెల్లవానిగా వ్రాసిరి గనుక కాడని కొందఱు వాదింతురు. అతనిదే యని ఎంతోకాలము నమ్మిన ఒక చిత్రపటము కలదు. అందున్నవాడు అతడు కాడని, జర్మను దేశపు ఫ్రెడెరిక్ రాజు పరిజనములోని వాడు కావచ్చునని 2017లో బయటపడినది. ముఖము పోయినది గాని పేరు నిలిచినది.

ఈ యింటి మేడయే ఆ నగరమునకు రచ్చబండ యయ్యెను. 1768 ఏప్రిలు 5వ తేదీన వర్తకులు కూడి న్యూయార్కు వాణిజ్యసంఘమును స్థాపించినది ఇచ్చటనే. 1774 ఏప్రిలులో తేయాకు తగవు వచ్చెను. ఇంగ్లండు పార్లమెంటు 1773లో నొక చట్టము చేసి, ఈస్టిండియా కంపెనీ తన తేయాకును నేరుగా అమెరికాకు పంపి అమ్ముకొనుటకు వీలు కలిగించినది. ఆ కంపెనీ యెవరో మన తెలుగువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. 1765లో ఢిల్లీ చక్రవర్తి ఫర్మానా పొంది మన ఉత్తర సర్కారులకు దొరయైన కంపెనీయే యది. తేయాకు మీది పన్నును ఒల్లని న్యూయార్కువారు ఆ సరకు దిగనిచ్చుటకు సమ్మతింపలేదు. చేంబర్స్ అను నావికాధిపతి తన యోడలో పదునెనిమిది పెట్టెల తేయాకు దాచి తెచ్చెను. ఓడ యజమానులును పురజనుల సంఘమువారును ఈ పూటకూటి యింట కూడి, అతనిని పిలిపించి, గట్టిగా అడుగగా దాచిన మాట ఒప్పుకొనెను. జనులు ఆ పెట్టెలను బద్దలుకొట్టి తేయాకును నీటిపాలు చేసిరి. మఱు సంవత్సరము యుద్ధమారంభమైనది. 1775 ఆగస్టు 23వ తేది రాత్రి ఏషియా అను ఇంగ్లీషు యుద్ధనౌక నగరము మీద ఫిరంగులు పేల్చగా, ఒక గుండు వచ్చి ఈ యింటి కప్పును చీల్చుకొని పోయెను.

1776 సెప్టెంబరు మొదలు ఏడేండ్లు నగరము ఇంగ్లీషువారి వశమందుండెను. ఈ యింటి చరిత్రలో ముఖ్యమైన సంవత్సరము దాని చివరిది, 1783. సాధారణముగా పాఠ్యపుస్తకములలో ఆ సంవత్సరమున జరిగిన ఒక్క సంగతిని మాత్రమే వ్రాయుదురు. నేను రెండింటిని చెప్పెదను.

యుద్ధకాలమున ఇంగ్లీషు సేనాపతులు ఒక ప్రకటన చేసిరి: తిరుగుబాటుదారుల వద్ద దాసులుగానున్న నల్లవారు ఎవరైనను తమ పక్షమునకు వచ్చినచో వారికి రక్షణ నిత్తుమని. వేలకొలది దాసులు యజమానులను విడిచి వచ్చిరి. సంధి కుదిరినపుడు అమెరికావారు ఒక షరతు వ్రాయించిరి: ఇంగ్లీషువారు పోవునపుడు తమ ఆస్తిని, అనగా దాసులనుగూడ, తీసికొనిపోరాదని. సేనాధిపతి గై కార్ల్‌టన్ దీనికి ఒప్పుకొనలేదు. సంధికి ముందే మా మాట నమ్మి వచ్చినవారు స్వతంత్రులు. స్వతంత్రులు ఎవరి ఆస్తియు గారు. వారిని పట్టి యిచ్చుట మాటతప్పుట యగును, అనునది అతని వాదము. 1783 మే మాసమున జార్జి వాషింగ్టన్ అతనిని కలిసికొని దాసులను తిరిగి ఇమ్మని అడిగెను. కార్ల్‌టన్ ఇయ్యలేదు. పోవువారి పేర్లు మాత్రము పుస్తకమున వ్రాయించెదను, కావలసినచో తరువాత వెల కట్టుకొనవచ్చును, అని బదులు చెప్పెను. బర్చ్ అను సేనాని నల్లవారికి స్వాతంత్ర్య పత్రములిచ్చుచుండెను. ఎవరి విషయముననైన యజమాని అడ్డు చెప్పినచో, ఆ తగవు విచారించుటకు ఇంగ్లీషువారును అమెరికావారును కలిసిన ఒక సంఘము ఏర్పడినది. ఆ సంఘము మే మొదలు నవంబరు వఱకు ప్రతి బుధవారము పగలు పది గంటలు మొదలు రెండు గంటల వఱకు కూర్చున్న చోటు ఈ ఫ్రాన్సిస్ పూటకూటి యిల్లు.

ఒక్క క్షణము ఆ బుధవారములను మనసున తలచుకొనుడు. క్రింద వంటవారు మాంసము కాల్చుచుందురు, నావికులు త్రాగుచుందురు. విచారణ జరుగుచోట ఒక స్త్రీ బిడ్డతో నిలిచి, నేను ఫలాని సంవత్సరమున, ఫలాని ప్రకటన విని, ఫలాని రేవునుండి వచ్చితిని, అని చెప్పుకొనవలెను. ఆమె చెప్పిన తేది సంధికి ముందైనచో ఓడ. వెనుకైనచో తిరిగి యజమాని యిల్లు. అందఱకును మేలే జరిగినదని చెప్పరాదు. కొందఱిని యజమానులకు అప్పగించిరి. అయినను ఓడలెక్కిపోయిన మూడువేల మంది పేర్లు ఆ పుస్తకమునందున్నవి.

నవంబరు 25వ తేదీన ఇంగ్లీషు సైన్యము నగరము విడిచెను. అదే దినమున వాషింగ్టన్ నగర ప్రవేశము చేసెను. ఇక రెండవ సంగతి. డిసెంబరు 4వ తేది మధ్యాహ్నమున అతడు తన సైనికాధికారులకు వీడ్కోలు చెప్పుటకు నిడుపాటి గదికి వచ్చెను. ఆ సన్నివేశమును కన్నులార చూచిన బెంజమిన్ టాల్మడ్జ్ అను అధికారి చాల యేండ్లకు, సుమారు 1830లో, దానిని తన స్వీయచరిత్రలో వ్రాసిపెట్టెను. వాషింగ్టన్ పాత్రలో ద్రాక్షాసవము పోసికొని, కృతజ్ఞతతో రెండు మాటలు చెప్పి, నేను మీలో ప్రతియొక్కరి వద్దకును రాలేను, మీరే యొక్కొక్కరుగా వచ్చి నా చేయి పట్టుకొనుడని కోరెనట. ముందుగా దగ్గఱనున్న హెన్రీ నాక్స్ వచ్చెను. వాషింగ్టన్ కన్నీరు పెట్టుకొని అతనిని కౌగిలించుకొనెను. తరువాత నందఱును అటులే. ఎవ్వరును మాటాడలేదట. పిమ్మట అతడు వీధిలోనికి నడచి, రేవుకు బోయి, పడవ యెక్కెను. డిసెంబరు 23న అనాపొలిస్ నగరమున శాసనసభవారి ముందు తన సేనాపతి పదవిని వదలుకొనెను. గెలిచిన సేనాపతి రాజు గాకుండ ఇంటికి బోవుట లోకమున అరుదు గనుక ఆ వీడ్కోలు మిక్కిలి కీర్తి గన్నది. అది న్యాయమే. కాని బుధవారముల మాట రెండువందలేండ్లకు పైగా ఆ గోడలమధ్య వినబడక పోవుట న్యాయమని నేననజాలను.

తరువాతి కథను త్వరగా చెప్పెదను. ఫ్రాన్సిస్ 1785లో ఇల్లు అమ్మెను. 1785 మొదలు 1788 వఱకు కొత్త ప్రభుత్వపు విదేశ వ్యవహారముల శాఖ, కోశాగారము, యుద్ధశాఖ ఇందు అద్దెకుండెను. ఫ్రాన్సిస్ 1789లో వాషింగ్టన్ అధ్యక్షుడైనపుడు అతని గృహమునకు భాండాగారికుడై, 1795లో మృతినొందెను. పందొమ్మిదవ శతాబ్దమున నిల్లు మఱల సామాన్యపు బస. 1832లో అగ్ని పట్టినది. మఱల మఱల పట్టినది. 1852 నాటి అగ్ని తరువాత మీద రెండంతస్తులు వేసి ఐదంతస్తుల మేడ చేసిరి. వాలు కప్పు పోయి మట్టస కప్పు వచ్చినది. 1890లో క్రింది అంతస్తును వీధిమట్టమునకు దింపి, పాత దూలములను జ్ఞాపక చిహ్నములుగా ముక్కలు ముక్కలుగా అమ్మివేసిరి. ఇల్లు నిలిచియుండగనే దాని యెముకలను విక్రయించుట ఎంత వింత!

1900లో యజమానులు దానిని పడగొట్టదలచిరి. స్త్రీల సంఘమొకటి ముందు నిలిచి ప్రభుత్వమువారిని కదలించినది. స్థలమును ఉద్యానవనముగా ప్రకటించి కూల్చివేతను ఆపిరి. 1904లో ‘సన్స్ ఆఫ్ ది రివల్యూషన్’ అను సంఘమువారు ఇంటిని కొనిరి. ఆ ధనములో అధికభాగము ఫ్రెడెరిక్ టాల్మడ్జ్ అనునతడు మరణశాసనమున విడిచినది. ఇతడెవరు? వీడ్కోలును వ్రాసిపెట్టిన బెంజమిన్ టాల్మడ్జ్‌కు మనుమడు. తాత కథను నిలిపెను, మనుమడు గోడను నిలిపెను. వంశమనగా అది.

విలియం మెర్సెరో అను శిల్పి పని చేపట్టెను. అతని ముందు పటము లేదు, కొలతలు లేవు. అయినను గోడల పూతలు తీయించి వెదకెను. పాత పసుపు ఇటుకలు బయటపడినవి. మన పల్లెలలో పెంకుటిల్లు పడిపోయినను ప్రక్కయింటి గోడమీద దాని కప్పు వాలు గీత గీచినట్టు నిలిచియుండుట మీరెఱుగుదురు. అట్టిదే ఆనవాలు ఇటుకకట్టులో నతనికి దొరకినది. దానింబట్టి పాత కప్పు ఏ వాలున నుండెనో ఊహించెను. మిగిలినది ఆ కాలపు ఇతర గృహములను జూచి చేసిన ఊహ. మీది యంతస్తులు తీయించి, నాలుగు వాలుల కప్పు, కటకటాలు, తెల్లని ద్వారబంధము పెట్టించెను. 1907లో పని ముగిసెను. ఇది జీర్ణోద్ధారణ కాదు, నూతన నిర్మాణమే, అందు ఊహయే హెచ్చు, అని వాస్తుపండితులు నేటికిని ఆక్షేపింతురు.

మా గురువులు తర్కము చెప్పునపుడు దీపజ్వాలను దృష్టాంతముగా చూపెడివారు. సాయంకాలము వెలిగించిన దీపమును అర్ధరాత్రి చూచి ‘అదే దీపము’ అందుము. జ్వాల క్షణక్షణమును మాఱినది. నూనె, వత్తి తఱిగినవి. అదే అను బుద్ధి పోలికవలన కలిగిన భ్రాంతి యని యొక పక్షము. ఈ యింటి విషయమున ఆక్షేపించువారిది ఆ పక్షమే. నా మట్టుకు, అడుగున పాత గోడ కొంతయైన నున్నది, స్థలము కదలలేదు, కనుక పేరు చెల్లును. కాని చూడవచ్చినవానికి ఏది పాత యిటుకయో, ఏది మెర్సెరో యూహయో విడదీసి చెప్పవలెను. చెప్పకున్న ఆ యిల్లు నాటకపు తెర యగును.

కొన్నేండ్ల క్రిందట మా పెద్దబ్బాయి కడకు పోయినపుడు నేనా యింటిని చూచితిని. పుట్టి బుద్ధెఱిగి మజ్జిగకన్న ఘాటైనది త్రాగనివాడను. పూటకూటి యింటి క్రిందిభాగమున నేటికిని మద్యశాలయే యుండుటచే గడప దాటుటకు కొంత సందేహించితిని. అబ్బాయి నవ్వి, మీది యంతస్తున పురావస్తుశాల యున్నది రండని తీసికొనిపోయెను. నిడుపాటి గదిలో బల్లలు, కుర్చీలు, పాత్రలు ఆనాటి రీతిని అమర్చియున్నవి. వాషింగ్టన్ తలవెండ్రుకలు కొన్ని గాజుపెట్టెలో నుంచిరి. 1975 జనవరి 24వ తేదీన భోజనవేళ ఇచ్చట బాంబు పేలి నలుగురు మృతినొందిరి, యాభైమందికి పైగా గాయపడిరి. పోర్టోరికో దీవికి స్వాతంత్ర్యము కోరు సాయుధ దళము ఒకటి తామే చేసితిమని ప్రకటించుకొన్నది. భోజనమునకు వచ్చినవారేమి పాపము చేసిరి?

అదే పెర్ల్ వీధిలో నాలుగడుగుల దూరమున మఱియొక పూటకూటి యిల్లు కలదు. కలదనుట కంటె ఉండెడిదనుట మేలు. 1670లో కట్టిన లవ్‌లేస్ ట్యావర్న్. 1706లో కాలిపోయినది. 1979లో పెద్ద భవనము కట్టబోవుచు త్రవ్వగా దాని పునాదులు బయల్పడినవి. దానిని ఎవరును తిరిగి కట్టలేదు. కాలిబాటలో గాజుపలక పఱచి, అడుగున ఆ రాతిగోడలు కనబడునట్లు విడిచిరి. ఒకచోట ఊహించి కట్టిరి. మఱియొకచోట ఉన్నంత చూపి ఊరకుండిరి. రెండును ఒకే వీధిలో నుండుట చరిత్ర చదువువారికి మంచి పాఠము.

బుధవారపు విచారణలకు ఫ్రాన్సిస్ ఇంటిలో 2023లో ప్రదర్శన నేర్పరచిరి. కార్ల్‌టన్ వ్రాయించిన పుస్తకము ఒక ప్రతి ఇంగ్లండు దేశపు ప్రభుత్వ గ్రంథభాండారమునను, ఒకటి అమెరికా భాండారమునను నేటికిని కలవు. ఒక్కొక్క పంక్తిలో మనిషి పేరు, వయస్సు, పూర్వపు యజమాని పేరు, ఎక్కిన ఓడ పేరు వ్రాసియున్నవి. అందొక పంక్తి హారీ వాషింగ్టన్ అను నలువదిమూడేండ్ల వానిది. యజమాని జార్జి వాషింగ్టన్. ఏడేండ్ల క్రిందట అతనిని విడిచి వచ్చినట్లు వ్రాసిరి. సేనాపతి నిడుపాటి గదిలో కన్నీటితో వీడ్కోలు చెప్పిన డిసెంబరు నాటికి, జూలైలోనే ఓడ యెక్కిన హారీ ఉత్తరమున నోవా స్కోషియా తీరమున నుండెను. 1792లో అచ్చటినుండి మఱల ఓడ యెక్కి, తాను పుట్టిన ఆఫ్రికా ఖండమునకు, సియెర్రా లియోను నకు పోయెను.